ఏ ఓఎస్‌లోనైనా నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల జాబితా తీయడం

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల గట్ల మీద మా బాక్సులు ఉంటాయి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్ చెబుతుంటే, అరచేతిలో పట్టే లైనక్స్ బాక్సు దాన్ని 4జీ డాంగిల్ మీదుగా సర్వర్‌కి పంపుతుంది. పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి పదింటికి ఒక రైతు ఫోన్ చేశాడు, రీడింగ్ రావట్లేదని. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆలోగా బాక్సు బాగుచేయకపోతే ఏరేటర్లు ఎప్పుడు వేయాలో ఆయనకి తెలియదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

లాగిన్ అయి చూస్తే మా ఏజెంట్ (రీడింగ్‌లు పంపే మా ప్రోగ్రామ్) మొదలైన అర సెకనుకే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో, అంటే ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని, పడిపోతోంది. అదే బైనరీ మిగతా గట్ల మీద ఆర్నెల్లుగా నడుస్తోంది. కోర్ డంప్‌ని (పడిపోయిన క్షణపు మెమరీ కాపీని) జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచాం. ఇంటర్‌ఫేస్ (మిషన్ నెట్‌వర్క్‌కి కలిసే చోటు, కార్డైనా సాఫ్ట్‌వేర్‌దైనా) పేరు టన్0, అడ్రస్ పాయింటర్ సున్నా, అంటే నల్: ఏ అడ్రస్‌నీ చూపించడం లేదు. దూరం నుంచి లాగిన్ అవ్వడానికి ఆ సాయంత్రమే ఆ బాక్సులో మేం వీపీఎన్ పెట్టాం. ఆ టన్0ని పుట్టించింది అదే. నల్ పాయింటర్‌ని చూసుకోకుండా చదివింది మా కోడ్.

అందుకే ఇంటర్‌ఫేస్‌ల జాబితా తీసే పని మొదటి నుంచీ ఎలా చేయాలో రాస్తున్నాను. మా ఏజెంట్ గట్టు మీద లైనక్స్‌లో, కొనుగోలు కేంద్రాల్లో విండోస్ పీసీల్లో, మా టేబుళ్ల మీద యాపిల్ మాక్‌లో, ఒక ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ కుటుంబపు ఓఎస్) రూటర్‌లో నడవాలి. ఫంక్షన్ల పేర్లు నోటితో పలికినట్టే రాస్తాను. మాన్యువల్ పేజీలో వెతికేటప్పుడు ఇంగ్లీషులో ఖాళీలు తీసేసి కలిపి టైప్ చేయండి; ఐఎఫ్ నేమ్ టు ఇండెక్స్‌లో మాత్రం ఐఎఫ్ తర్వాత అండర్‌స్కోర్ ఉంటుంది.

ముందు మీ సొంత స్ట్రక్చర్ ఒకటి రాసుకోండి. ఏ ఓఎస్ హెడర్ ఫైలూ అందులోకి రాకూడదు. ఇంటర్‌ఫేస్ పేరు, ఇండెక్స్ నంబరు, లూప్‌బ్యాకా (మిషన్ తనతో తాను మాట్లాడుకునేదా) కాదా, పని చేస్తోందా లేదా, మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ అడ్రస్), ఐపీ అడ్రస్‌ల వరస: ఇంతే. మ్యాక్ ఉండొచ్చు, లేకపోవచ్చు. ఐపీలు సున్నా నుంచి ఎన్నైనా ఉండొచ్చు. ఒక్కో ఓఎస్‌కి ఒక్కో ఫైలు ఈ స్ట్రక్చర్‌ని నింపుతుంది. మిగతా ప్రోగ్రామ్ అంతటికీ ఈ స్ట్రక్చర్ తప్ప ఇంకేదీ కనిపించకూడదు. పోర్టబుల్ అంటే కోడ్ మధ్యలో ఇఫ్‌డెఫ్‌లు (ఈ ఓఎస్ అయితే ఈ లైన్లు అనే షరతులు) చల్లుకుంటూ పోవడం అని చాలామంది అనుకుంటారు. రెండేళ్లు ఆ కోడ్‌ని మోస్తే గానీ అందులో కష్టం తెలియదు.

పాత పుస్తకాల్లో ఐఆక్టల్ పిలుపుతో (కెర్నల్‌ని నేరుగా అడిగే పిలుపు), ఎస్ఐఓసీ జీఐఎఫ్ కాన్ఫ్ అనే రిక్వెస్ట్‌తో జాబితా తీసే పద్ధతి ఉంటుంది. కొత్త కోడ్‌లో దాని జోలికి వెళ్లకండి. లైనక్స్‌లో అది ఐపీవీ4 అడ్రస్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లనే చూపిస్తుంది. బఫర్ చిన్నదైతే ఎర్రర్ ఇవ్వకుండా పట్టినంతవరకే నింపి ఊరుకుంటుంది. పైగా బీఎస్‌డీల్లో ఒక్కో రికార్డు ఒక్కో సైజులో వస్తుంది కాబట్టి లైనక్స్‌లో నడిచిన లూప్ అక్కడ దారి తప్పుతుంది.

యూనిక్స్ వైపు వాడాల్సింది గెట్ ఐఎఫ్ యాడర్స్. ఇది బీఎస్‌డీ వాళ్ల నుంచి వచ్చింది. లైనక్స్‌లో జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) 2.3 నుంచి ఉంది, ఐపీవీ6 మాత్రం 2.3.3 నుంచి. మాక్‌లో, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీల్లో, సొలారిస్ 11లో ఉంది. ఆండ్రాయిడ్‌లో సీ కోడ్ రాసే కిట్ ఎన్‌డీకేలో ఏపీఐ 24 నుంచి, అంటే ఆండ్రాయిడ్ 7 నుంచి దొరుకుతుంది. ఒక్క పిలుపుతో లింక్డ్ లిస్ట్ చేతికొస్తుంది. పని అయ్యాక ఫ్రీ ఐఎఫ్ యాడర్స్‌తో మొత్తం ఒకేసారి వదిలేయాలి, విడివిడిగా కాదు.

అసలు పొరపాటు పడేది ఇక్కడే. పేరు చూసి అది ఇంటర్‌ఫేస్‌ల జాబితా అనుకుంటాం. నిజానికి అది అడ్రస్‌ల జాబితా. ఓటర్ల జాబితాలో ఒకే ఇంటి నంబరు వరసగా నాలుగు పేర్ల పక్కన కనిపిస్తుంది కదా, ఇదీ అంతే. నా ల్యాప్‌టాప్‌లో వైఫై ఇంటర్‌ఫేస్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 మూడుసార్లు వస్తుంది: ఒక వరసలో మ్యాక్ అడ్రస్, ఒక వరసలో 192.168.1.14, ఇంకో వరసలో ఎఫ్ఈ80తో మొదలయ్యే ఐపీవీ6. ఈ మూడూ పక్కపక్కనే కూడా ఉండవు, మధ్యలో వేరే ఇంటర్‌ఫేస్‌లు దూరతాయి. కాబట్టి ముందు వరసలో పేరు ఇదే కదా అని పోల్చి కలిపే కోడ్ రాయొద్దు. ప్రతి వరసకీ ఐఎఫ్ నేమ్ టు ఇండెక్స్‌తో నంబరు తీసుకుని, ఆ నంబరు మీద మీ స్ట్రక్చర్‌లో కలపండి. లైనక్స్‌లో పాత పద్ధతి ఏలియస్‌లు (ఒకే ఇంటర్‌ఫేస్‌కి అదనపు పేర్లు) పెట్టిన మిషన్‌లో ఐపీవీ4 వరసకి ఈటీహెచ్0:1 లాంటి పేరు వస్తుంది. కోలన్ దగ్గర కత్తిరించి ఆ తర్వాత నంబరు అడగండి.

ఇక టన్0 సంగతి. లైనక్స్‌లో ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ లింక్ తరఫున ఒక వరస వస్తుంది, అందులో హార్డ్‌వేర్ అడ్రస్ ఉంటుంది. టన్ రకానికి హార్డ్‌వేర్ అడ్రస్సే లేదు. అందుకని ఆ వరసలో పేరు ఉంటుంది, ఫ్లాగ్‌లు ఉంటాయి, అడ్రస్ పాయింటర్ మాత్రం నల్. ఐపీ ఇచ్చినా ఈ లింక్ వరస అలాగే ఉంటుంది, ఐపీ ఇంకో వరసలో వస్తుంది. లూప్‌లో మొదటి పని ఆ పాయింటర్ నల్ అవునో కాదో చూడటం. నల్ అయితే ఇంటర్‌ఫేస్ పేరూ ఫ్లాగ్‌లూ నమోదు చేసుకుని ముందుకు కదలాలి. ఆ వరసని పూర్తిగా వదిలేసే కోడ్ చాలాచోట్ల చూశాను. అలా చేస్తే ఐపీ ఇంకా రాని వీపీఎన్ మీ జాబితాలో కనిపించకుండా పోతుంది, మీకు ఎక్కువగా తెలియాల్సింది అదే.

నెట్‌మాస్క్ పాయింటర్ కూడా నల్ కావొచ్చు. బీఎస్‌డీల్లో మాస్క్ లోపల ఫ్యామిలీ గడి (అడ్రస్ ఏ రకమో చెప్పేది) సున్నాగా ఉండే సందర్భాలున్నాయి, కాబట్టి ఫ్యామిలీ ఏదో అడ్రస్ నుంచే తీసుకోండి.

కాపీ చేసేటప్పుడు గమ్యం ఏ రకం అడ్రస్ అయినా పట్టే సాక్ అడర్ స్టోరేజ్ అవ్వాలి. మామూలు సాక్ అడర్ 16 బైట్లే. ఐపీవీ6 స్ట్రక్చర్ 28 బైట్లు, అందులో అడ్రస్ ఎనిమిదో బైటు తర్వాత మొదలవుతుంది. 16 దగ్గర ఆగితే అడ్రస్‌లో సరిగ్గా సగం చేతికొస్తుంది. ప్రింట్ చేస్తే చూడ్డానికి మంచి అడ్రస్‌లాగే ఉంటుంది, దేనికీ కనెక్ట్ కాదు. అక్షరాల్లోకి మార్చడానికి గెట్ నేమ్ ఇన్ఫోని న్యూమరిక్ హోస్ట్ ఫ్లాగ్‌తో వాడండి. ఎఫ్ఈ80 అడ్రస్‌ల వెనక శాతం గుర్తు, ఇంటర్‌ఫేస్ పేరు అదే తగిలిస్తుంది. ఆ తోక లేకపోతే ఆ అడ్రస్ ఎందుకూ పనికిరాదు.

మ్యాక్ అడ్రస్ దగ్గర లైనక్స్, బీఎస్‌డీ దారులు వేరు. లైనక్స్‌లో ఏఎఫ్ ప్యాకెట్ ఫ్యామిలీ, సాక్ అడర్ ఎల్ఎల్ స్ట్రక్చర్. మాక్, బీఎస్‌డీల్లో ఏఎఫ్ లింక్, సాక్ అడర్ డీఎల్. అక్కడ బైట్లు మీరే లెక్కపెట్టకుండా ఎల్ఎల్ అడర్ మ్యాక్రో వాడండి. ఆండ్రాయిడ్ 11 నుంచి మామూలు యాప్‌లకి మ్యాక్ అడ్రస్ అందదు, ఖాళీగా వదిలేయండి.

పని చేస్తోందా అన్నదానికి అప్ ఫ్లాగ్ చాలదు. అప్ అంటే అడ్మిన్ ఆన్ చేశాడని మాత్రమే. లైనక్స్‌లో కేబుల్ పీకేసినా అప్ ఉంటుంది, రన్నింగ్ పోతుంది. రెండూ చూడండి.

విండోస్‌లో పిలవాల్సింది గెట్ అడాప్టర్స్ అడ్రసెస్. గెట్ అడాప్టర్స్ ఇన్ఫో అని పాతది ఒకటుంది, దానికి ఐపీవీ4 తప్ప తెలియదు. ముందు 15 కేబీ బఫర్ ఇచ్చి పిలవండి. బఫర్ ఓవర్‌ఫ్లో అని తిరిగొస్తే అది చెప్పిన సైజుతో మళ్లీ అడగండి. రెండు పిలుపుల మధ్య ఎవరైనా డాంగిల్ గుచ్చితే రెండోసారీ చాలకపోవచ్చు, అందుకని మూడుసార్లు తిరిగే లూప్ పెట్టుకోండి. నో డేటా అంటే ఎర్రర్ కాదు, ఖాళీ జాబితా. ఇక్కడ మాత్రం అడాప్టర్‌కి ఒక్క వరసే, యూనికాస్ట్ అడ్రస్‌లు (మామూలు ఐపీలు) దాని లోపల ఇంకో లిస్ట్‌గా ఉంటాయి.

పేర్ల విషయంలో జాగ్రత్త. ఫ్రెండ్లీ నేమ్ వైడ్ క్యారెక్టర్లలో వస్తుంది, యూటీఎఫ్-8లోకి మార్చుకోవాలి. దాన్ని యూజర్ ఎప్పుడైనా మార్చేయొచ్చు. భీమవరంలో ఒక పీసీలో అది అచ్చ తెలుగులో "కొత్త వైఫై" అని ఉంది. లైనక్స్‌లో పేరుకి 15 అక్షరాలే హద్దు కాబట్టి 16 బైట్ల అర్రే సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. స్ట్రింగ్ పొడవుకి హద్దు పెట్టొద్దు. మనిషికి చూపించడానికి ఫ్రెండ్లీ నేమ్, గుర్తుపట్టడానికి జీయూఐడీ (ఇంకెవరికీ లేని గుర్తింపు నంబరు) రూపంలో ఉండే అడాప్టర్ నేమ్, రెండూ దాచుకోండి. బిల్డ్ దగ్గర విన్‌సాక్2 హెడర్‌ని విండోస్ హెడర్ కంటే ముందు పెట్టాలి, ఐపీహెచ్ఎల్‌పీ ఏపీఐ లైబ్రరీని లింక్ చేయాలి.

చేతికొచ్చిన జాబితా ఆ క్షణపు ఫొటో. 4జీ డాంగిల్ సిగ్నల్ పోయి మళ్లీ వస్తే ఐపీ మారిపోతుంది. మేం 30 సెకన్లకోసారి మళ్లీ తీస్తున్నాం, మా అవసరానికి చాలు.

టెస్ట్ చేయడానికి వీపీఎన్ కంపెనీ ఏదీ అక్కర్లేదు. లైనక్స్‌లో రూట్‌గా, ఐపీ కమాండ్‌లో టన్‌టాప్ సబ్‌కమాండ్‌తో, టన్ మోడ్‌లో టన్9 అనే డివైస్ తయారు చేయండి. దానికి ఐపీ ఇవ్వకుండా మీ ప్రోగ్రామ్ నడపండి. టన్9 పేరు జాబితాలో కనిపించాలి, మ్యాక్ ఖాళీ, ఐపీలు సున్నా. తర్వాత ఐపీ ఇచ్చి మళ్లీ నడపండి. కొత్త ఇంటర్‌ఫేస్ పుట్టకుండా, అదే టన్9 కింద ఒక అడ్రస్ చేరాలి. మేం ఈ రెండు పరీక్షలూ బిల్డ్‌లోనే పెట్టాం. అవి పాసైతేనే బాక్సు గట్టు మీదకి వెళుతుంది.