లా స్కూల్ అప్లికేషన్‌లో క్లబ్బులు ఎంతవరకు పనికొస్తాయి?

అమెరికా లా స్కూళ్లకు అప్లై చేసే పిల్లలు నాకు రెజ్యూమె పంపి "అక్కా, ఇంకో క్లబ్బులో చేరనా?" అంటారు. వద్దు. ముందు ఎల్‌శాట్ (లా స్కూల్ ప్రవేశ పరీక్ష) సంగతి చూసుకో. 120 నుంచి 180 మధ్య వచ్చే ఆ స్కోరు, డిగ్రీ జీపీఏ, ఈ రెండిటిదే పెద్ద పీట. అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన ప్రకారం స్కూళ్లు ఏటా బయటపెట్టే 509 రిపోర్టులో వీటి మీడియన్లు, అంటే చేరినవాళ్లలో సగం మంది పైన, సగం మంది కింద ఉండే అంకెలు, ఉంటాయి. క్లబ్బుల లెక్క ఉండదు! నీ స్కోరు మీడియన్‌కి దిగువనుంటే ఖాళీ సమయమంతా ప్రాక్టీస్ టెస్టులకే.

అంకెలు సరిపోయాక మాత్రం క్లబ్బుల్లాంటివి అక్కరకొస్తాయి. ఎనిమిది చోట్ల "మెంబర్" కన్నా ఒకచోట రెండేళ్లు నిలబడి చేసిన పని మేలు. "లీగల్ ఎయిడ్ వాలంటీర్" అని రాసి ఊరుకోకు. "ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చినవాళ్లకు ఫారాలు నింపడంలో సాయం, వారానికి 6 గంటలు" అని రాయి. చదువుకుంటూ రెస్టారెంట్‌లో ప్లేట్లు ఎత్తావా? దాచకు, గంటలతో సహా పెట్టు. నా దృష్టిలో అది డిబేట్ కప్పుకేమీ తీసిపోదు. హైస్కూలు మెడల్స్ మాత్రం తీసేయ్.