డీఎల్‌సీకి ధర పెట్టడం ఎలా? 3వ పాఠం: గుర్రం కవచం నుంచి బండిల్ దాకా

పోయిన పాఠంలో మీ డీఎల్‌సీలో, అంటే అసలు గేమ్‌కి అదనంగా విడిగా ఇచ్చే భాగంలో, ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయమన్నాను కదా, కొత్త లెవెల్స్ ఎన్ని, ఆడటానికి ఎన్ని గంటలు, ఒట్టి డ్రెస్సులూ రంగులూ ఎన్ని అని. ఆ కాగితం తీయండి, ఇవాళ దానికి ధర వేద్దాం.

2006 ఏప్రిల్‌లో బెథెస్డా వాళ్లు ఆబ్లివియన్ గేమ్‌కి గుర్రం కవచాలు అమ్మారు. ఎక్స్‌బాక్స్ 360లో 200 పాయింట్లు, అంటే రెండున్నర డాలర్లు. గేమర్లు మండిపడ్డారు. డబ్బు చిన్నదే, కానీ 60 డాలర్లు పెట్టి కొన్న గేమ్‌లో ఊళ్లు, గుహలు, లెక్కలేనంతమంది మనుషులు వచ్చినప్పుడు, అందులో ఇరవై నాలుగో వంతు డబ్బు ఇస్తే గుర్రానికి తొడుగేనా అని ఎవరికైనా అనిపిస్తుంది. కొనేవాడు మీ డీఎల్‌సీని మొదట పోల్చేది మీ అసలు గేమ్‌తోనే. ఈ పాఠంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు విచర్ 3 అనే గేమ్ చూడండి. 2015లో సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్లు డ్రెస్సులు, చిన్న క్వెస్టులు లాంటివి 16 ఉచితంగా ఇచ్చేశారు. డబ్బు అడిగింది పెద్ద కథలు రెండింటికే: హార్ట్స్ ఆఫ్ స్టోన్ 9.99 డాలర్లు, 2016 మేలో వచ్చిన బ్లడ్ అండ్ వైన్ 19.99. రెండోదాంట్లో టూసాన్ అనే కొత్త ప్రాంతమే ఉంది, అసలు గేమ్ ధరలో మూడో వంతు ఇచ్చినా జనానికి బరువు అనిపించలేదు. రెండూ కలిపిన పాస్ 24.99, అంటే ముందే నమ్మి కొన్నవాళ్లకి ఐదు డాలర్లు మిగిలాయి.

మీ కాగితం మీద కూడా ఇలాగే గీత గీయండి. చిన్నవి ఉచితం వైపు, కొత్తగా ఆడటానికి ఉన్నవి ధర వైపు. గంటల లెక్క మాత్రం ఒక్కటే పట్టుకోకండి, అటూ ఇటూ తిప్పి సాగదీసిన పది గంటల కన్నా గట్టి మూడు గంటలు నయం.

ఇక బండిల్, అంటే గేమ్‌నీ డీఎల్‌సీలనీ కలిపి కాస్త తగ్గించి అమ్మడం. చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి అంకెలతో చూద్దాం. గేమ్ 500 రూపాయలు, మొదటి డీఎల్‌సీ 150, రెండోది 250, మొత్తం 900 అనుకోండి. 10 శాతం తగ్గిస్తే 810. మరి గేమ్ ఎప్పుడో కొన్నవాడి సంగతి? గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ‘సెట్ పూర్తి చేసుకునే’ బండిల్ పెడితే, అతను తన దగ్గర లేని రెండింటికే ఆ తగ్గింపుతో 360 కడతాడు. అదే మొత్తాన్ని ఒకే ప్యాకేజీగా అమ్మితే ఉన్న గేమ్‌కి కూడా మళ్లీ డబ్బు కట్టాలి. మొదటి రోజు మిమ్మల్ని నమ్మి కొన్న మనిషికి ఆ పని చేయకండి, దయచేసి.

ఇంకొకటి, పండగ సేల్‌లో గేమ్‌ని 125కి దించి డీఎల్‌సీలని 150, 250 దగ్గరే వదిలేస్తే తోక కుక్క కన్నా పొడుగైపోతుంది. గేమ్ తగ్గించిన ప్రతిసారీ వీటినీ కాస్త తగ్గించండి.

ఈ వారం అభ్యాసం: మీరు ఆడే ఏదైనా గేమ్ తీసుకుని, దాని ప్రతి డీఎల్‌సీ ధర అసలు గేమ్‌లో ఎన్నో వంతో రాయండి, మీరు కొన్నవాటి పక్కన టిక్కు పెట్టండి. 2012లో మాస్ ఎఫెక్ట్ 3 విడుదల రోజునే అమ్మిన డీఎల్‌సీ మీద అంత గొడవ ఎందుకైందో 4వ పాఠంలో ఈ కాగితంతోనే చూద్దాం, కాబట్టి పారేయకండి.