ఇన్నాక్యువస్: ఎలా పలకాలి, ఎక్కడ వాడాలి?

ముందు ఈ ఇంగ్లీషు మాట (innocuous) పలకడం. ఇ-నాక్-యు-అస్, ఊనిక ‘నాక్’ మీద. స్పెల్లింగులో రెండు ఎన్‌లు, ఒకటే సి. టీకాకి వాడే ఇనాక్యులేట్‌కి ఒకటే ఎన్, ఆ రెంటికీ చుట్టరికం లేదు. అర్థం: హాని చేయనిది. ఇంతవరకు ఎవరికైనా వచ్చేస్తుంది.

ఇక పర్యాయపదాలు బట్టీ పట్టడం మానేయండి. హార్మ్‌లెస్, బినైన్, ఇన్నొసెంట్, ఇన్నాక్యువస్ అని వరసగా రాసుకుంటే నాలుగూ ఒకటే అనిపిస్తాయి, తప్పులన్నీ అక్కడే పుడతాయి. ధాతువు పట్టుకోండి, అదొక్కటే మర్చిపోలేని పద్ధతి. లాటిన్‌లో నొకేరే అంటే హాని చేయడం, ముందు ‘ఇన్’ చేరితే కాదని. విషవాయువులకి వాడే నాక్షస్ ఆ ఇంటిదే. ఇన్నొసెంట్ కూడా అక్కడిదే.

చిక్కంతా ఈ ఇన్నొసెంట్‌తోనే, ఇక్కడ కాస్త ఆగండి. నేను దిద్దిన ఒక అనువాదంలో ఇన్నాక్యువస్ క్వెశ్చన్‌ని ‘అమాయకమైన ప్రశ్న’ అని రాశారు. అమాయకత్వం అడిగిన మనిషిది. ఇన్నాక్యువస్ చెప్పేది ఆ ప్రశ్న వల్ల ఎవరికీ బాధ కలగదని, అంతే. మనసులో ఎత్తుపొడుపు పెట్టుకుని అడిగినా ప్రశ్న పైకి ఇన్నాక్యువస్‌గానే ఉండొచ్చు.

ఆ ‘పైకి’ అన్నది చాలా ముఖ్యం. ఈ మాట తరచుగా సీమింగ్లీని వెంటబెట్టుకుని వస్తుంది. “మీ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?” అని ఓ పెద్దాయన పలకరింపుగా అడిగారనుకోండి, మామూలు ప్రశ్నే, కానీ కుదిరిన సంబంధం నిన్ననే తప్పిపోయిన ఇంట్లో వాళ్లమ్మ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసి లోపలికి వెళ్లిపోతుంది. సీమింగ్లీ ఇన్నాక్యువస్ అంటే అదీ. కాబట్టి చదివేటప్పుడు ఈ జంట కనిపిస్తే తర్వాతి వాక్యం జాగ్రత్తగా చూడండి, తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘పైకి మామూలుగా కనిపించే’ అని రాయండి. సీమింగ్లీ లేనిచోట మాత్రం ‘పైకి’ని మీరు తగిలించకండి. ఆ మోతాదులో ఫలానా పదార్థం ఇన్నాక్యువస్ అని సైన్సు వ్యాసంలో ఉంటే, అది హాని చేయదు, అంతే. అనుమానం కలిపితే అర్థమే తిరగబడుతుంది.

క్రికెట్‌లోనూ వింటారు. లెగ్‌సైడ్ బయటికి పోతున్న బంతిని గెలికి కీపర్‌కి క్యాచ్ ఇస్తే కామెంటేటర్ ఇన్నాక్యువస్ డెలివరీ అంటాడు. ‘హాని చేయని బంతి’ అని రాస్తే దెబ్బ తగల్లేదేమో అనుకుంటారు. ‘వికెట్ తీసేంత పస లేని బంతి’ అనండి.

మనుషులకి ఈ మాట తక్కువగా వాడతారు, వాళ్లకి హార్మ్‌లెస్ చాలు. రిపోర్టులో క్యాన్సర్ కాని గడ్డకైతే బినైన్ అనే రాయాలి, అక్కడ ఇన్నాక్యువస్ పెట్టకండి.