‘మా గురించి’ పేజీలో ఏం రాయాలి? ఒక పచ్చళ్ళ సైట్ ఉదాహరణతో

మీ వెబ్‌సైట్‌లో ‘మా గురించి’ పేజీ తెరిచి, షాపు పేరు పక్కన పెట్టి మిగతాది చదవండి. ‘నాణ్యతే మా నినాదం, కస్టమర్ల సంతృప్తే మా ధ్యేయం’ లాంటి వాక్యాలే ఉంటే ఆ పేజీ సిమెంటు డీలర్‌కైనా, ట్యూషన్ సెంటర్‌కైనా సరిపోతుంది. అది మార్చాల్సిందే.

మా పిన్ని ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఆవిడ సైట్‌కి ఈ పేజీ నేనే రాశాను కాబట్టి దాని మీదే చెప్తాను, మీది బట్టల కొట్టయినా మోటార్ల రిపేరు షాపయినా పద్ధతి ఇదే.

ముందు ఈ పేజీకి ఎవరొస్తారో ఆలోచించండి. ఫొటో నచ్చి, కిలో ధర చూసి, ఆర్డర్ నొక్కబోతూ ‘ఇంతకీ వీళ్ళెవరు, డబ్బులు కట్టాక పంపిస్తారా’ అని ఆగినవాళ్ళే ఎక్కువగా వస్తారు. వాళ్ళకి మీ విజన్, మిషన్ అక్కర్లేదు, అనుమానం తీరాలి. ఆ అనుమానాలేంటో మీ వాట్సాప్‌లోనే దొరుకుతాయి. పిన్ని ఫోన్‌లో పాత మెసేజీలన్నీ చూస్తే జనం మళ్ళీ మళ్ళీ అడిగినవి ఐదే: నూనె ఏది, కారం ఎక్కడిది, ఎన్నాళ్ళు నిలవుంటుంది, ఎవరు కలుపుతారు, దారిలో సీసా కారదు కదా. ముందు వీటికి జవాబులు రాసుకోండి.

రాసేముందు మాట్లాడండి. పెన్ను పట్టుకోగానే చాలామందికి సర్క్యులర్ భాష వచ్చేస్తుంది. నేను ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ‘పిన్నీ, కాయ ఎలా ఎంచుతావు?’ అని ఒక్క ప్రశ్న అడిగితే 20 నిమిషాలు ఆపకుండా చెప్పింది. పాత పేజీలో ‘అత్యుత్తమ ముడిసరుకులతో, సంప్రదాయ పద్ధతిలో తయారుచేస్తాము’ అని ఉండేది, అది తీసేసి ఆవిడ మాటలే పెట్టాం:

‘ఆవకాయకి కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయే తీసుకుంటాను. ఒక కాయ కొట్టి, లోపల టెంక కట్టిందో లేదో చూశాకే బేరం. ప్రతి ముక్కా పొడిగుడ్డతో తుడుస్తాం, తడి ఉంటే బూజు పడుతుంది. నూనె గానుగ నువ్వుల నూనె. మూడో రోజు తిరగగలిపి, ఉప్పు చూసి, సరిపోయిందనుకున్నాకే సీసాలకెత్తుతాం.’

అదే మనిషి, అదే పచ్చడి. కానీ ఇది చదివితే ఆవిడ చేతులు కనిపిస్తాయి.

లేని గొప్పలు మాత్రం రాయకండి. ‘మూడు తరాలుగా’ అని రాస్తే బావుంటుందని ఎవరో సలహా ఇచ్చారు, పిన్ని ఒప్పుకోలేదు. లాక్‌డౌన్‌లో పక్కింటివాళ్ళు అడిగితే మొదలుపెట్టింది, అదే రాశాం. నిలవ కోసం సోడియం బెంజోయేట్ వేస్తూ ‘ప్రిజర్వేటివ్స్ లేవు’ అని రాయడం పచ్చి మోసం, అది ఏ రోజైనా బయటపడుతుంది.

తర్వాత ఎవరైనా సరిచూసుకోగలిగే వివరాలు ఇవ్వండి. తిండి సరుకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు పెట్టండి, ఆ సంస్థ ఫోస్కోస్ సైట్‌లో దాన్ని కొట్టి చూసుకోవచ్చు. జీఎస్టీ ఉంటే ఆ 15 అక్షరాల నంబరు కూడా. ఊరు, వీధితో సహా అడ్రస్, మీరు నిజంగా ఎత్తే ఫోన్ నంబరు, ఏ టైంలో ఎత్తుతారో కూడా రాయండి.

ఫొటోలు నెట్‌లోంచి తీసుకోవద్దు. నవ్వుతున్న కోటు మనుషుల కంటే వంటింటి కిటికీ పక్కన, పగటి వెలుతురులో, మామూలు ఫోన్‌తో తీసిన జాడీ ఫొటో ఎంతో నయం. మనిషి కూడా ఉంటే ఇంకా మంచిది.

ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు, కాబట్టి మీరేం అమ్ముతారు, ఎక్కడినుంచి, ఎవరు అనేది మొదటి రెండు వాక్యాల్లోనే తేలిపోవాలి. పేరాలు చిన్నవిగా ఉండాలి. మొత్తం 250 మాటలు దాటితే ఏదో ఒకటి తీసేయొచ్చేమో చూడండి. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా కొంటారనుకుంటే ఇంగ్లీషులో విడిగా రాయండి, తెలుగుది తీసుకెళ్ళి మెషిన్ ట్రాన్స్‌లేషన్‌లో వేస్తే ‘తిరగగలపడం’ ఏమవుతుందో చెప్పలేం.

పేజీ చివర వాట్సాప్ బటన్, ధరల లింకు ఉండాలి, నమ్మకం కుదిరినవాళ్ళు వెతుక్కోకూడదు. ఏడాదికోసారి పేజీ మొత్తం చదివి పాతబడ్డవి మార్చండి. పిన్నికైతే అది ఏప్రిల్లో, కొత్త కాయ దిగగానే.