మన క్లబ్ జెర్సీకి రెడీ టెంప్లేటా, సొంత డిజైనా? ఎలా తేల్చుకోవాలి, ఎలా చేయించుకోవాలి

చిత్తూరులో ఒక ఆదివారం టోర్నమెంట్‌కి మా తిరుపతి ఫుట్‌బాల్ జట్టు కొత్త జెర్సీలతో వెళ్ళింది. నీలం మీద పసుపు మెరుపులు, వీపున పేర్లు, అంతా జోరుగా ఉంది. ఇంతలో ఎదుటి జట్టు వ్యాన్ దిగింది. వాళ్ళవీ అవే మెరుపులు, అదే నీలం. ఎద మీద క్లబ్ పేరొక్కటే తేడా. ఇద్దరం వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు షాపుల్లో ఇచ్చాం గానీ, రెండు షాపులూ చూపించిన వాట్సాప్ క్యాటలాగ్ ఒకటే. చివరికి మేమే తగ్గి, కొత్త జెర్సీల మీద చెమట వాసన కొట్టే పాత బిబ్‌లు (ప్రాక్టీసులో జట్టు తెలియడానికి పైన వేసుకునే చేతుల్లేని బనియన్లు) తొడుక్కుని ఆడాం. ఆ రోజు నుంచి క్లబ్ జెర్సీల పని నా నెత్తిన పడింది. ఇప్పటికి మూడు సెట్లు చేయించాను, అందులో ఒకటి నేనే చెడగొట్టాను.

ముందు టెంప్లేట్ మీద చిన్నచూపు మానండి

టెంప్లేట్ అంటే మూస. గీతలు, కాలరు, కటింగ్ ముందే సిద్ధంగా ఉంటాయి, రంగూ బ్యాడ్జీ మార్చి ఎవరికి వాళ్ళకి ఇస్తారు. పెద్ద బ్రాండ్లు చేసేదీ ఇదే. 1988లో నెదర్లాండ్స్ యూరో కప్ గెలిచిన నారింజ జెర్సీ కూడా ఆ దేశం కోసమే గీసింది కాదు. ఆడిడాస్ అదే డిజైన్‌ను వేరే రంగుల్లో ఇంకొన్ని జట్లకూ ఇచ్చింది. ఫైనల్లో వాళ్ళ ఆటగాడు వాన్ బాస్టెన్ పేరుమోసిన ఆ గోల్ కొట్టాక అది నెదర్లాండ్స్ సొత్తు అయిపోయింది.

మరి మూస ఎక్కడ బెడిసికొడుతుంది? 2021లో పూమా కంపెనీ మాంచెస్టర్ సిటీ, ఏసీ మిలాన్, బొరుస్సియా డార్ట్‌మండ్ లాంటి క్లబ్బుల అదనపు జెర్సీలన్నిటికీ ఒకే పద్ధతి పెట్టింది. ఎద మీద అడ్డంగా క్లబ్ పేరు ఉంటుంది, రోజూ చూసే చోట బ్యాడ్జి కనిపించదు. డార్ట్‌మండ్ అభిమానులు గొడవ చేస్తే కంపెనీ పెద్దే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. గీతలు నలుగురితో పంచుకున్నా జనం ఊరుకుంటారు, బ్యాడ్జి మాయమైతే ఊరుకోరు.

సొంత డిజైన్ గట్టిగా నిలబడితే ఎలా ఉంటుందో 2018 ప్రపంచ కప్ నైజీరియా జెర్సీ చూడండి. రెక్కల్లాంటి ఆకుపచ్చ, తెలుపు, నలుపు గీతలవి. 30 లక్షల ముందస్తు ఆర్డర్లు వచ్చాయని ఆ దేశ ఫుట్‌బాల్ సమాఖ్య చెప్పుకుంది.

తేల్చుకోవడం

పది రోజుల్లో టోర్నమెంట్, చేతిలో పదకొండు మంది, వచ్చే ఏడాది జట్టు ఉంటుందో లేదో తెలీదు. అలాంటప్పుడు టెంప్లేటే మేలు, ఇంకేమీ ఆలోచించకండి. క్లబ్ రెండు మూడేళ్ళు నడుస్తుందనే నమ్మకముండి, కనీసం మూడు వారాల టైముంటే సొంత డిజైన్‌కి వెళ్ళండి.

డబ్బు దగ్గర చాలామంది పొరబడతారు. స్క్రీన్ ప్రింటింగ్ రోజుల్లో ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీన్ చేయించాలి కాబట్టి పదిహేను జెర్సీలకు సొంత డిజైన్ అంటే జేబుకి చిల్లే. ఇప్పుడు అందరూ చేసేది సబ్లిమేషన్. డిజైన్‌ను కాగితం మీద ప్రింట్ చేసి, సుమారు 200 డిగ్రీల వేడితో పాలిస్టర్ గుడ్డ మీద ఒత్తితే రంగు ఆవిరై దారాల్లోకి దిగుతుంది. మిషన్‌కి క్యాటలాగ్ డిజైనైనా ఒకటే, మీరు గీయించిందైనా ఒకటే. అదనంగా అయ్యేది గీసేవాడి కూలి, మీ టైము.

టెంప్లేట్ తీసుకుంటే

మూడు మార్పులు అడగండి: రంగులు, చేతి పట్టీ, నంబర్ల అచ్చు. క్యాటలాగ్ ఫొటోలో ఏదైనా పెద్ద బ్రాండ్ గుర్తు ఉంటే తీయించేయండి. మన కష్టార్జితంతో దొంగ టిక్కు మార్కు వేయించుకోవడం ఎందుకు? మీ లీగ్‌లో ఎవరైనా అదే వేశారేమో గ్రూపులో ఫొటో పెట్టి అడగండి. రెండు నిమిషాల పని, అది చేయకే మేము బిబ్‌లు తొడుక్కున్నాం.

సొంత డిజైన్‌కి వెళ్తే

కంప్యూటర్ ముందు కూర్చోకముందే, ఈ జెర్సీ మన ఊరిదని చూడగానే ఎలా తెలుస్తుందో ఆలోచించండి. తిరుపతి అనగానే అందరి చెయ్యీ ఏడుకొండల మీదకో, నామాల మీదకో పోతుంది. నా మాట వింటే దేవుడి గుర్తులు వద్దు. ఆ జెర్సీ బురదలో దొర్లుతుంది, మురికి బట్టల బకెట్లో పడుతుంది, ఎవడో షూస్ తుడుచుకుంటాడు. కొండల గీత ఒక్కటైతే ఫర్వాలేదు గానీ, అదిప్పటికే సగం ఆటోల వెనకాల ఉంది.

మాకు దారి చూపింది మా ఊరి గంగమ్మ జాతర, జనం ఒళ్ళంతా పూతలు పూసుకుని వేషాలు కట్టే పండగ. జాతర వేషాలకు ఒక్కోదానికి ఒక్కో పూత. బైరాగి వేషానికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. ఇవి చాలవా? సొంత మైదానంలో కుంకుమ ఎరుపు, బయటి మ్యాచ్‌లకు తెలుపు, గోల్‌కీపర్‌కి గంధం రంగు, నంబర్లకూ పట్టీలకూ బొగ్గు నలుపు, తెలుపు. అమ్మవారి బొమ్మ ఎక్కడా లేదు. అయినా మా పక్క మైదానంలో ఆడే పెద్దాయన చూసి, "ఏం సామీ, జాతర ఇంకా అయిపోలేదా?" అన్నాడు. డిజైన్ పాసైపోయిందని అప్పుడే అనుకున్నా.

శ్రీకాళహస్తి కలంకారీ కూడా బాగుంటుంది గానీ, జాగ్రత్త. కలంతో గీసిన సన్నని గీతలు చేతిలో పట్టుకుని చూసేందుకు. యాభై అడుగుల దూరం నుంచి అన్నీ కలిసి మట్టి మరకలా కనిపిస్తాయి. ఒకే ఒక్క పువ్వునో, లతనో తీసుకుని పెద్దగా చేసి చేతి అంచున వేయండి, చాలు.

నేను చెడగొట్టిన సెట్ సంగతి చెబుతాను. ఎర్రచందనం రంగు జెర్సీ, దాని మీద నల్ల నంబర్లు. ఫోన్‌లో అద్భుతం. సాయంత్రం ఐదింటికి మైదానంలో 6 ఏదో 8 ఏదో రెఫరీకి తెలియక, మా వాడికి రావాల్సిన పసుపు కార్డు ఇంకొకడికి పడింది. నంబర్ రంగు, గుడ్డ రంగు ఒకటి ముదురైతే ఇంకొకటి లేతగా ఉండాలి. అనుమానముంటే ఫోన్‌లో ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. నంబర్ మాయమైతే మార్చేయండి.

ఆట నియమాల్లో నాలుగోది దుస్తుల గురించే. రెండు జట్ల రంగులు ఒకదానికొకటి, రెఫరీలకూ వేరుగా కనిపించాలి. గోల్‌కీపర్ రంగు మిగతా ఆటగాళ్ళ నుంచి, రెఫరీల నుంచి వేరుగా ఉండాలి. అందుకే కీపర్ జెర్సీని చివర్లో "ఏదో ఒకటి" అని వదిలేయకండి.

షాపులో

బ్యాడ్జిని వాట్సాప్ ఫొటోగా పంపితే అరిగిపోయి, అంచులు పళ్ళు పళ్ళుగా వస్తుంది. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీయించి ఆ ఫైల్ డాక్యుమెంట్‌గా పంపండి. గుడ్డ ముక్కలు కోసి, ప్రింట్ చేసి, ఆ తర్వాతే కుడతారా అని అడగండి. కుట్టిన టీషర్టు మీద ఒత్తితే చంకల దగ్గర, మడతల్లో తెల్ల చారలు మిగులుతాయి. అడ్డగీతలు పక్క కుట్టు దగ్గర కలవడం దర్జీ చేతిలో ఉంది, కాబట్టి ఎద నుంచి వీపుకి పోయే గీతలు పెట్టుకోకపోవడమే సుఖం. మన ఎండలకు గాలాడే రకం గుడ్డ అడగండి. పేరుకన్నా, ముక్క తీసుకుని నోటి దగ్గర పెట్టి ఊదితే తెలిసిపోతుంది.

తెరమీద ఎరుపు, గుడ్డమీద ఎరుపు ఒకటి కావు. మొత్తం డబ్బు కట్టకముందే ఒక్క జెర్సీ శాంపిల్ చేయించి, ఎండలో చూసి, ఒకసారి ఉతికి అప్పుడు సరే అనండి. సైజులు అడిగితే అందరూ ఒక సైజు తక్కువే చెబుతారు, టేపుతో కొలవండి.

చివరగా, డిజైన్ ఫైల్ మీ దగ్గరుంచుకోండి. మొదటి సెట్ చేసిన షాపులో మరుసటి ఏడాది ఇంకో మూడు కావాలని వెళ్తే, "సిస్టమ్ ఫార్మాట్ చేశాం అన్నా" అన్నారు. కొత్తవాళ్ళ నీలం ఒక రకం, పాతవాళ్ళ నీలం ఒక రకం. ఫైల్‌తో పాటు శాంపిల్ గుడ్డ ముక్క ఒకటి కవర్లో పెట్టి దాచండి. పేరూ నంబరూ లేని జెర్సీలు రెండు ఎక్కువే చేయించండి, ఒకటి ఎల్, ఒకటి ఎక్స్‌ఎల్. సీజన్ సగంలో ఎవడో ఒకడు బూట్లు చేత్తో పట్టుకుని మైదానం గేటు దగ్గర నిలబడి ఉంటాడు.