స్కోరు లేని బేస్‌బాల్ పూట: పొరుగూరి జట్లను పిలిచి పిల్లల జాంబోరీ నడపడం ఎలా

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ లీగులు పొరుగూళ్ల జట్లను పిలిచి, ఒక పూట సరదాగా ఆడించడం మామూలే. దాన్ని జాంబోరీ అంటారు. కప్పు ఉండదు, పాయింట్ల పట్టిక ఉండదు. ఫ్రిస్కో, ఎడిసన్ లాంటి ఊళ్లలో పిల్లల్ని లీగులో చేర్చిన తెలుగు తల్లిదండ్రులు వలంటీరుగా చెయ్యెత్తితే, ఎప్పుడో ఒకప్పుడు ఈ పని నెత్తిన పడుతుంది.

స్కోరుబోర్డు ఆపేసి, మైకులో "ఇది ఫ్రెండ్లీ" అని చెప్పేస్తే పోటీ పోదు. ముగ్గురు ఔటైతే బ్యాటింగ్ చేతులు మారే ఆటలో గెలుపోటములు ఎలాగోలా దూరతాయి. అందుకే నియమాలనే మార్చాలి. కింది లెక్కలన్నీ 9–10 ఏళ్ల పిల్లలకు వేసినవి: ఆరు జట్లు (మూడు మీవి, మూడు అతిథులవి), జట్టుకు 12 మంది, మూడు మైదానాలు.

ఎవరు కదలాలి

చాలాచోట్ల జరిగే పొరపాటు ఇక్కడే. సొంత జట్లను సొంత మైదానంలోనే ఉంచి, అతిథుల్ని తిప్పుతారు. బ్యాట్ల సంచులు, కూలర్లు, మడత కుర్చీలు, చంటిపిల్లల బళ్లు మోసుకుని వాళ్లు మైదానం వెతుక్కునేసరికి ఇరవై నిమిషాలు పోతాయి. అతిథి జట్టు పొద్దున ఏ డగౌట్‌లో (మైదానం పక్కన జట్టు కూర్చునే చోటు) దిగిందో మధ్యాహ్నం దాకా అక్కడే ఉండాలి. దారి తెలిసిన మీ జట్లే తిరగాలి. ఎండ ఏ పక్క నుంచి వస్తుందో ముందురోజు చూసి, నీడ ఉన్న డగౌట్ అతిథులకివ్వండి.

9:00 ఆటకు మీ ఎర్రజట్టు 1వ మైదానంలో, నీలం 2లో, పచ్చ 3లో ఉంటాయి. 10:15కి అన్నీ ఒక మైదానం ముందుకు జరుగుతాయి, 3లో ఉన్నది 1కి వస్తుంది. 11:30కి మళ్లీ అంతే. ఇలా మీ ప్రతి జట్టూ ప్రతి అతిథి జట్టునూ కలుస్తుంది, మీలో మీరు ఆడుకోవడం ఉండదు. ఆట గంట, మధ్యలో పావుగంట విరామం. చివరి నిమిషంలో ఒక అతిథి జట్టు రాలేకపోతే, ఆ మైదానానికి వచ్చిన మీ జట్టును ఆరుగురు చొప్పున రెండుగా చీల్చండి. ఖాళీ చోట్లలో కోచ్‌లు నిలబడతారు.

మూడో ఆటలో జట్లను కలిపేయండి. రెండు జట్లలోనూ బేసి సంఖ్య జెర్సీలు ఒక వైపు, సరి సంఖ్యలు మరో వైపు. డగౌట్‌లో కూడా అలాగే కూర్చోవాలి. అప్పటిదాకా పేర్లు తెలియని పిల్లలు ఒకరి గ్లవ్ ఒకరు అడిగి తీసుకోవడం ఈ గంటలోనే మొదలవుతుంది. ఒకవైపు మరీ తక్కువైతే ఇద్దరు ముగ్గుర్ని అటు పంపండి, లాటరీలు అక్కర్లేదు.

ఆట నియమాలు

జట్టులో 12 మందీ ఒక్కోసారి బ్యాటింగ్ చేశాకే వైపులు మారాలి, మూడు ఔట్లకు కాదు. అయితే ఔటైన పిల్లాడు డగౌట్‌కి వెళ్లాల్సిందే. ఔటే లేదంటే, కష్టపడి బంతి ఆపి మొదటి బేస్‌కి (బ్యాటర్ కొట్టాక పరుగెత్తి చేరాల్సిన తొలి చోటు) విసిరిన పిల్లకు దక్కేదేమీ ఉండదు. ఒక్కో బ్యాటర్‌కు దాదాపు నిమిషం, అంటే సగం ఇన్నింగ్‌కు (ఒక వైపు బ్యాటింగ్‌కు) 12 నిమిషాలు. నాలుగు సగాలకు 48, మార్పులకు ఆరు, గంటలో సరిపోతుంది. ఒక జట్టుకు పదిమందే వస్తే మొదటి ఇద్దరు రెండోసారి బ్యాట్ పట్టుకుంటారు. చివరి బ్యాటర్ కొట్టగానే బేస్‌ల మీదున్నవాళ్లతో సహా అందరూ హోమ్ ప్లేట్ (బ్యాటర్ కొట్టే చోట నేలలో ఉండే పలక) దాకా పరుగే. ప్లేట్ వెనక ఉండే క్యాచర్ బంతి చేతపట్టి ప్లేట్ మీద కాలు పెడితే సగం ముగిసినట్టు.

పిల్లల చేత పిచింగ్ (బ్యాటర్‌కు బంతి వేయడం) చేయించొద్దు. ఈ వయసులో బంతి ప్లేట్ మీదుగా వెళ్లడం తక్కువ, వాక్‌లు (బంతులు సరిగా రాక బ్యాటర్‌కు ఊరికే మొదటి బేస్ దక్కడం) ఎక్కువ. ఫీల్డర్లు గడ్డి పీక్కుంటూ కూర్చుంటారు. అంతకన్నా పెద్ద కారణం భుజాలు. పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ నియమాల ప్రకారం 9–10 ఏళ్ల పిల్లలకు రోజుకు 75 పిచ్‌లే హద్దు. 20 దాటితే ఒక రోజు, 35 దాటితే రెండు, 50 దాటితే మూడు, 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. అతిథి జట్టుకు మర్నాడే సొంత లీగులో ఆట ఉండొచ్చు. మీ సరదా పూట వాళ్ల పిచర్‌ను తినేయకూడదు.

కాబట్టి ఏ జట్టు బ్యాటర్లకు ఆ జట్టు కోచే వేస్తాడు. 46 అడుగుల దూరంలోని రబ్బరు (పిచర్ కాలు ఆనించే పలక) మీద నుంచి కాదు, 35 అడుగుల నుంచి, ఒక మోకాలు నేలకానించి. నిలబడి నెమ్మదిగా వేస్తే బంతి పైనుంచి విల్లులా దిగుతుంది, పిల్లల బ్యాట్‌కు తగలదు. మోకాలి మీద నుంచి వేస్తే అడ్డంగా, తిన్నగా వస్తుంది. క్రికెట్ చేతివాటం ఉన్న నాన్నలు ముందుగా ఓ పాతిక బంతులు వేసి చూసుకోవడం మంచిది. మోచెయ్యి వంచకుండా విసరబోతే బంతి ఎటుపోతుందో చెప్పలేం. ఐదు మంచి బంతులు తగలకపోతే టీ (బంతిని నిలిపే కాడ) మీద బంతి పెట్టి కొట్టించండి. స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లకు ఔట్) లేదు, వాక్ లేదు.

ఫీల్డింగ్‌లో పదిమంది: బేస్‌ల చుట్టూ ఉండే ఇన్‌ఫీల్డ్‌లో ఆరుగురు, దాని వెనకున్న ఔట్‌ఫీల్డ్‌లో నలుగురు. 12 మందినీ దింపితే గాల్లో లేచిన బంతి కింద ఢీకొంటారు. బయట కూర్చునే ఇద్దరు ప్రతి సగానికీ మారాలి, చోట్లూ మారాలి. ఒక్క మినహాయింపు: విసిరిన బంతి పట్టడం ఇంకా రాని పిల్లను మొదటి బేస్ దగ్గర గానీ, కోచ్ పక్కన పిచర్ చోటులో గానీ పెట్టొద్దు. అది దెబ్బలకు సంబంధించిన విషయం, సమానత్వానికి కాదు. పిచర్ చోటులో ఉన్నవాళ్లు కోచ్ కన్నా ముందుకు రాకూడదు.

బేస్ దొంగతనాలు (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తడం) లేవు. విసురు తప్పి బంతి ఎటో పోతే ఒక్క బేస్ మాత్రమే ముందుకు. ఈ హద్దు లేకపోతే ఒక్క పిల్లాడి తప్పిదం నలుగురు పరుగెత్తే తమాషా అవుతుంది.

మైదానం

ముందురోజు సాయంత్రమే గీయండి. హోమ్ ప్లేట్ వెనక మొనకు టేపు ఆనించి కొలవాలి. బేస్‌ల మధ్య 60 అడుగులు. ప్లేట్ మొన నుంచి రెండో బేస్ నడిమధ్యకు 84 అడుగుల 10 1/4 అంగుళాలు రావాలి. రాకపోతే మూలలు చదరంగా లేవన్నమాట, మొదటి లేదా మూడో బేస్‌ను సరిచేయాలి. మొదటి, మూడో బేస్‌లు ఫౌల్ గీత (ఆట హద్దు గీత) లోపల ఉంటాయి, రెండో బేస్ మాత్రం కొలతకు నడిమధ్యన కూర్చుంటుంది. రంగు, తెలుపు జంట బేస్ దొరికితే మొదటి బేస్ దగ్గర వేయండి. పరుగెత్తేవాళ్లు రంగుదాన్ని, ఫీల్డరు తెల్లదాన్ని తొక్కుతారు, ఢీకొనడం తగ్గుతుంది. గీతలకు మైదానాల కోసం అమ్మే సుద్దపొడి మాత్రమే వాడండి. సున్నం వాడితే కళ్లు, చర్మం కాలుతాయి.

వాన నీళ్లు నిలిస్తే చీపురుతో గడ్డివైపు తోయకండి. నీళ్లతోపాటు మట్టీ పోయి గడ్డి అంచున గట్టులా పేరుకుంటుంది, నేల బంతి అక్కడ తగిలి మొహానికి ఎగురుతుంది. నీటిని స్పాంజితో పీల్చి, మిగిలిన తడి మీద నీరు పీల్చే కాల్చిన బంకమట్టి పొడి చల్లి రేక్ చేయండి.

పిల్లల భద్రత, నీళ్లు, తిండి

బ్యాట్లకు యూఎస్‌ఏ బేస్‌బాల్ సంస్థ ఆమోద ముద్ర ఉందో లేదో ఆటకు ముందే చూడాలి. డగౌట్ బయట బ్యాట్ తిప్పే పిల్లలు ఉండకూడదు. ఈ వయసువాళ్లకు లిటిల్ లీగ్‌లో ఆన్-డెక్ (తర్వాతి బ్యాటర్ బయట సిద్ధంగా నిలబడే) చోటే లేదు. కొట్టగానే బ్యాట్ విసిరేసేవాళ్లకు మందలింపు పనిచేయదు. ప్లేట్ పక్కన ఒక హులాహూప్ (నడుం చుట్టూ తిప్పే ప్లాస్టిక్ వలయం) పెట్టి, బ్యాట్ అందులో వదిలి పరుగెత్తమనండి. వార్మప్‌లో జతలన్నీ వరుసగా, సమాంతరంగా నిలబడి విసరాలి, సూర్యుడు పక్కన ఉండేలా. క్యాచర్ మాస్కుకు గొంతు కవచం వేలాడుతోందో లేదో చూసుకోండి.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి అందర్నీ కార్లలోకి పంపండి. డగౌట్ రక్షణ కాదు. చివరి ఉరుము నుంచి 30 నిమిషాలు ఆగాలి, మధ్యలో మళ్లీ ఉరిమితే లెక్క మొదటికొస్తుంది.

మనిషికి లీటరున్నర చొప్పున 72 మంది పిల్లలకు 108 లీటర్లు. ఐదు గ్యాలన్ల కూలర్లు ఆరు, మైదానానికి రెండు. పెద్దవాళ్ల నీళ్లు వేరే. తిండి 12:30కే, మధ్యలో పళ్లముక్కలు చాలు. మీ పులిహోరలో వేరుశెనగ గుళ్లు పడతాయన్న సంగతి మరవద్దు. అలర్జీల జాబితా వారం ముందే ప్రతి కోచ్‌నీ అడగండి. వేరుశెనగ తగిలిన గరిటె పక్క గిన్నెలో పడినా ప్రమాదమే కాబట్టి, ఆ రోజుకు గుళ్లు లేకుండానే కలపండి.

మైదానం అనుమతి పత్రం, అతిథి జట్ల బీమా పత్రాల నకళ్లు, ప్రతి కోచ్ ఫోన్ నంబరు ఒకే ఫైలులో ఉండాలి. ఫోన్ యాప్‌లలో స్కోరు రాసే తల్లిదండ్రులు తప్పకుండా ఉంటారు. వాళ్లకు సుద్దపొడి బండో, హులాహూపో అప్పగించండి.

వెళ్లేముందు డగౌట్‌లన్నీ ఒకసారి తిరిగి చూసి, మర్చిపోయిన గ్లవ్‌లు, టోపీలు, నీళ్ల సీసాలు ఫొటో తీసి కోచ్‌లందరికీ ఆ సాయంత్రమే పంపండి. చివరి ఆటలో జట్లను కలిపారు కాబట్టి, సగం సామాన్లు వేరేవాళ్ల సంచుల్లోనే ఉంటాయి.