ప్రాన్ అనాలా, ష్రింప్ అనాలా?

రొయ్య పెద్దదైతే ఇంగ్లీషులో ప్రాన్, చిన్నదైతే ష్రింప్ అని చాలామంది చెప్తుంటారు. ఆ లెక్క పట్టుకుని అమెరికాలో షాపుకెళ్తే కుదరదు, అక్కడ అరచేతంత రొయ్యనైనా ష్రింప్ అనే అంటారు. కాబట్టి సైజు కాదు, ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి. ఇండియా, బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్లతో ప్రాన్, అమెరికా వాళ్లతో ష్రింప్. బ్రిటన్‌లో ష్రింప్ అనే మాట ఉంది గానీ మరీ చిన్నవాటికే వాడతారు. మన దగ్గర రెండూ నడుస్తాయి: హోటల్ మెనూలో ప్రాన్స్ ఫ్రై అని రాస్తాం, అదే భీమవరం చెరువుల్లో పెరిగిన వెనామీ రకం రొయ్య ఎగుమతికి వెళ్లేటప్పుడు ష్రింప్ అయిపోతుంది, కొనేవాళ్లలో అమెరికావాళ్లూ చాలామంది కదా.

ప్రాన్‌కి ఎస్ చేర్చి ప్రాన్స్ అనండి. ష్రింప్‌కి మాత్రం అమెరికాలో మామూలుగా ఎస్ పెట్టరు, పది ఉన్నా టెన్ ష్రింప్ అనే. పొట్టిగా బక్కగా ఉన్నవాళ్లని ష్రింప్ అని వెక్కిరించడమూ ఉంది, అది అవమానించే మాట, వాడకండి.

శాస్త్రం చూసి తేల్చుకుందామంటే ఇంకా గందరగోళం. రొయ్యని పక్కకి తిప్పి పట్టుకుని, తల తర్వాత ఒంటిమీది రెండో కణుపు చూడండి. దాని పెంకు ముందు కణుపునీ వెనక కణుపునీ రెండిటినీ కప్పితే ష్రింప్, పెంకుల్లా వరసగా ఒకదాని మీదొకటి ఉంటే ప్రాన్ అని కొందరు శాస్త్రవేత్తలు విడదీస్తారు. ఆ ప్రకారం మన గోదావరి నీలకంఠ రొయ్య ష్రింప్, వెనామీ ప్రాన్! వ్యాపారంలో పేర్లు సరిగ్గా తారుమారు.

నీలకంఠనే మనవైపు స్కాంపీ అని కూడా అంటారు. ఇటలీలో స్కాంపీ అంటే పొడుగాటి డెక్కలున్న సన్నటి లాబ్‌స్టర్, అమెరికా మెనూలో ష్రింప్ స్కాంపీ అంటే వెన్న, వెల్లుల్లితో చేసే వంటకం. అందులో వైట్ వైన్ కూడా పోస్తుంటారు, మీకు పడదనుకుంటే ముందే అడగండి.

కొనేటప్పుడు పేరు కన్నా ప్యాకెట్ మీద అంకెలు ముఖ్యం. 21/25 అని ఉంటే పౌండుకి, అంటే 454 గ్రాములకి, 21 నుంచి 25 రొయ్యలు తూగుతాయని. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. మన చెరువుల దగ్గర 50 కౌంట్ అంటే కిలోకి 50, అదీ తలతో సహా, 21/25 లాంటి అంకెలున్న ప్యాకెట్లో చాలావరకు తల తీసేసినవే. అందుకని రెండు కౌంట్లనీ నేరుగా పోల్చకండి. డీవెయిన్డ్ అని ఉంటే వీపు మీద నల్ల నరంలా కనిపించే పేగు తీసేశారని, మీరు మళ్లీ గీరే పని లేదు.

రొయ్యలు పడనివాళ్లు బయట తినేటప్పుడు ష్రింప్ వద్దని చెప్పి ఊరుకోవద్దు, షెల్‌ఫిష్ అలర్జీ అని చెప్పండి. పీత, లాబ్‌స్టర్ కూడా అందులోకే వస్తాయి, రొయ్య పడనివాళ్లలో చాలామందికి అవీ పడవు.